చేతికి అమరవలసిన ఆటయంత్రము



వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము పదేండ్ల మా మనుమడు ఫోనులో ఒక బొమ్మను చూపి, "తాతయ్యా, ఇది కొనిపెడతారా?" అని అడిగెను. చూడగా అది నల్లని పలకవలె నున్నది. నడుమ పెద్ద తెర, ఇరుప్రక్కల రెండు పిడులు, పిడులమీద మీటలు. నింటెండో అను జపాను కంపెనీవారు 2025 జూన్ 5వ తేదీన విడుదల చేసిన స్విచ్ 2 అను ఆటయంత్రమది. మేము కన్నద్దములు సవరించుకొని, బొమ్మ క్రింద వ్రాసిన అంకెలన్నియు చదివి, "బరువెక్కువ, వెలయు నెక్కువ, మనకు వలదు" అని తీర్పు చెప్పితిమి. వాడు ఏడ్వలేదు. "తాతయ్యా, మీరు బొమ్మ చూసి చెప్పేస్తున్నారు. చేత్తో పట్టుకుంటే గదా తెలిసేది!" అనెను.

ఆ మాట మమ్ము కొంచెము సిగ్గుపడజేసినది. చేతిలో పట్టుకొను వస్తువును కన్నులతో మాత్రమే చూచి తీర్పు చెప్పుట న్యాయము కాదు. అందుచేత ఆ యంత్రమును గూర్చి దానిని వాడినవారు, విప్పి చూచినవారు, పొగడినవారు, తెగడినవారు వెలిబుచ్చిన అభిప్రాయములను కొన్ని దినములు శ్రద్ధతో చదివితిమి. అవి ఒకదానితో నొకటి పొసగవు. ఒకరు తెర పెద్దదని సంతోషించిన, వేరొకరు తెర పెద్దదగుటచేతనే యంత్రము బరువైనదందురు. ఐనను వానిని విడివిడిగా పరిశీలించినచో ఒక క్రమము కనిపించినది. ఆ క్రమమును మీకు విన్నవించుటయే నేటి మా ప్రసంగోద్దేశము. ఇట్టి వస్తువు నేడు ఎందరి యిండ్లలోనో పిల్లలు అడుగుచున్నారు. అడిగినదెల్ల కొనుటయు, అడిగినదెల్ల కాదనుటయు రెండును సులభములే. తెలిసి కొనుట, తెలిసి మానుట కొంచెము శ్రమతో కూడిన పని.

ముందుగా ఒక అట్టముక్క కథ చెప్పెదము. పిడులతో కలిపి ఈ యంత్రము పొడవు 272 మిల్లీమీటర్లు, వెడల్పు 116 మిల్లీమీటర్లు, మందము 14 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. బరువు సుమారు 534 గ్రాములు. మేము స్కేలుతో కొలిచి ఒక అట్టను ఆ పరిమాణమునకు కత్తిరించితిమి. ఇల్లాలి అనుమతితో వంటింటినుండి అర్ధకిలో కందిపప్పు పొట్లమును తెచ్చి దాని వెనుక దారముతో కట్టితిమి. మనుమడు దానిని రెండు చేతులతో పట్టుకొని, గోడకు చేరగిలబడి, ఆట ఆడుచున్నట్లు అభినయించెను. మొదటి ఐదు నిమిషములు ముఖమునకు ఎదురుగా పట్టెను. పది నిమిషములు గడచునప్పటికి మోచేతులు ఒడిలోనికి జారెను. పావుగంటకు ఆ అట్ట మోకాళ్లమీద ఆనినది, మెడ ముందునకు వంగినది. బరువు నెవరు మోసిరనగా, చేతులు కాదు, మెడ మోసినది.

ఇది పిచ్చిపని అని మీరనుకొనవచ్చును. కాని ఘనులే ఈ పని చేసియున్నారు. 1996లో వెలువడిన పామ్ పైలట్ అను చేతియంత్రమును రూపొందించుటకు ముందు జెఫ్ హాకిన్స్ అను అమెరికా నిపుణుడు ఆ పరిమాణములో ఒక కొయ్యముక్కను చేయించి, చొక్కాజేబులో వేసికొని తిరిగెను. ఎవరైన ఒక తేదీ అడిగినచో కొయ్యముక్కను బయటికి తీసి, పుల్లతో దానిమీద వ్రాయునట్లు నటించెడివాడట. యంత్రము ఇంకను పుట్టలేదు. కాని అది జేబునకు పట్టునో పట్టదో, తీయబుద్ధి పుట్టునో పుట్టదో ఆ కొయ్యముక్కయే చెప్పినది. మొదట చేయి, పిమ్మట యంత్రము అనెడి ఈ వరుసను తప్పినప్పుడే చిక్కులు వచ్చుచున్నవి.

ఈ వరుసను ఆటయంత్రముల లోకమునకు నేర్పినవాడు గుంపెయి యొకోయ్ అను జపానీయుడు. ఆయన 1965లో నింటెండో కంపెనీలో చేరినప్పుడు అది ప్రధానముగా పేకముక్కలను ముద్రించు కంపెనీ. ముద్రణ యంత్రములను బాగుచేయుట ఆయన ఉద్యోగము. ఒకనాడు రైలులో ప్రయాణము చేయుచు, విసుగెత్తిన ఒక ఉద్యోగి లెక్కలు చేయు క్యాలిక్యులేటరు మీటలను ఊరకనే నొక్కుచు పొద్దుపుచ్చుట చూచెనట. ఆ చూపులోనుండి 1980లో గేమ్ అండ్ వాచ్ అను చిన్న ఆటగడియారము పుట్టినది. పెద్దలు రైలులో సిగ్గుపడక, ఒడిలో దాచుకొని ఆడుకొనుటకు తగిన పరిమాణము దానిది. 1982లో డాంకీకాంగ్ అను ఆటకు పైకి, క్రిందికి, కుడికి, ఎడమకు నడుపు ప్లస్ గుర్తు ఆకారపు మీటను ఆయనయే అమర్చెను. బొటనవ్రేలు చూడకయే దిక్కులను గుర్తించునట్టి ఆ మీట నేటికిని అనేక యంత్రములలో నున్నది.

యొకోయ్ ఒక సూత్రమును నమ్మెడివాడు. ఎండిన సాంకేతిక విద్యను క్రొత్త దారిన ఆలోచించి వాడవలెనని దాని భావము. ఎండినది అనగా పనికిరానిది అని అర్థము కాదు. మన వడ్రంగి పచ్చి కలపతో తలుపు చేయడు. చేసినచో నాలుగు నెలలలో అది వంకరపోవును. ఆరిన కలప వెల తగ్గదు గాని తలుపు నిలుచును. సాంకేతిక విద్యలో ఇంకొక లాభము గూడ కలదు. అందులో ఆరినది చౌకయు నగును. లోపములన్నియు బయటపడి, సరిదిద్దబడి, ఎల్లరకును అందుబాటులోనికి వచ్చిన విద్యతో క్రొత్త ఉపయోగమును సాధించుటయే ఆయన నేర్పు.

ఈ సూత్రముతో 1989 ఏప్రిల్‌లో గేమ్ బాయ్ వెలువడినది. అందలి తెరకు రంగులు లేవు. నాలుగు ఛాయలు మాత్రమే. అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు. తెర వెనుక దీపము కూడ లేదు. జపానులో వెల 12,500 యెన్లు. అదే సంవత్సరము అటారీవారి లింక్స్ రంగుల తెరతో, వెనుక దీపముతో వచ్చెను. ఎడమచేతివాటము వారు తలక్రిందులు చేసి ఆడుకొను సౌకర్యము సయితము దానికుండెను. మరుసటి సంవత్సరము సేగావారి గేమ్ గేర్ అంతే వైభవముతో వచ్చినది. బొమ్మ చూచి తీర్పు చెప్పినవారు గేమ్ బాయ్ పని అయిపోయినదనియే అనుకొనియుందురు. కాని ఆ రెండింటికిని ఆరేసి బ్యాటరీలు వేయవలెను. వేసినను మూడు నాలుగు గంటలు, మహా అయిన ఐదు గంటలు. గేమ్ బాయ్‌కు నాలుగు బ్యాటరీలు చాలును. పదునైదు గంటలకు తక్కువ కాకుండ ఆడును. పిల్లవాని జేబుడబ్బుతో బ్యాటరీలు కొనవలసిన దినములవి. గేమ్ బాయ్, దాని తరువాతి రంగుల గేమ్ బాయ్, రెండును కలిసి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. గల్ఫ్ యుద్ధకాలమున మంటలలో చిక్కి పైపొర కరిగిన ఒక గేమ్ బాయ్ ఇంకను ఆడుచునే యుండగా, నింటెండోవారు దానిని న్యూయార్క్‌లోని తమ దుకాణములో చాలకాలము ప్రదర్శించిరి.

యొకోయ్ చేసినదెల్ల విజయమే కాలేదు. 1995లో ఆయన తెచ్చిన వర్చువల్ బాయ్ అను యంత్రమును చేత పట్టుటకు వీలులేదు, తలకు తగిలించుకొనుటకును వీలులేదు. బల్లమీద నిలిపి, ముఖము వంచి, ఎఱ్ఱని బొమ్మలను చూడవలెను. జనులు దానిని తిరస్కరించిరి. చేతిని మరచిన పనికి గురువునకైనను శిక్ష తప్పలేదు. ఆయన 1997లో రోడ్డు ప్రమాదమున మరణించెను. చివరి దినములలో ఆయన పాలుపంచుకొన్న వండర్‌స్వాన్ అను యంత్రము 1999లో బండాయ్ కంపెనీ పేర వెలువడినది. అది ఒకే ఒక బ్యాటరీతో నడిచెడిది.

ఈ పూర్వకథ నెందుకు చెప్పితిమనగా, స్విచ్ 2ను గూర్చిన అభిప్రాయములను తూచుటకు మనకొక త్రాసు కావలెను. శక్తి యెంత, వేగమెంత అని అడుగుట ఒక పద్ధతి. చేతికి, కంటికి, పర్సునకు, ఇంటికి ఎట్లు అమరినది అని అడుగుట రెండవ పద్ధతి. మేము రెండవ పద్ధతినే ఎంచుకొంటిమి.

మొదట చేతి సంగతి. ఈ యంత్రము 2017లో వచ్చిన మొదటి స్విచ్‌కు తమ్ముడు. అన్న బరువు పిడులతో కూడ సుమారు 400 గ్రాములు. తమ్మునిది అంతకు 130 గ్రాములకు పైగా నెక్కువ. తెర ఆరు అంగుళములకు కొంచెము మించినది ఎనిమిది అంగుళములకు చేరువైనది. ఐనను మందము మాత్రము పెంచలేదు. దీనిని కొందరు మెచ్చుకొనిరి. ఇంత శక్తిని ఇంత పలుచని దానిలో నిమిడ్చుట సామాన్యము కాదని వారి వాదము. చేతులు పెద్దవైనవారు, పిడులు పూర్వముకంటె పొడవగుటచే మీటలమీద వ్రేళ్లకు చోటు చిక్కినదనిరి. కొందరు దీనినే తప్పుపట్టిరి. పలుచని పలకను అంచులతో పట్టుకొనవలసివచ్చుటచే వ్రేళ్లు ముడుచుకొనిపోవుచున్నవని వారి ఫిర్యాదు.

ఇందులో సత్యమెటున్నదో తెలియుటకు వేరొక యంత్రమును చూడవలెను. 2022లో వాల్వ్ అను అమెరికా కంపెనీవారు తెచ్చిన స్టీమ్ డెక్ అను ఆటయంత్రము బరువు 669 గ్రాములు. అనగా స్విచ్ 2కంటె పిడికెడు పప్పు కాదు, గిన్నెడు పప్పు ఎక్కువ. ఐనను దానిని పట్టుకొనుట సుఖముగా నున్నదని చెప్పినవారు చాలమంది. కారణమేమి? దాని పిడులు లావుగా, గుండ్రముగా అరచేతిలో నిండునట్లు తీర్చబడినవి. మన యిండ్లలో ఈ సంగతి ఎల్లరకును అనుభవమే. నీళ్లు నిండిన చెంబును మెడ పట్టుకొని ఎంతదూరమైన తీసికొనిపోవచ్చును. అంతే బరువుగల పళ్లెమును అంచుపట్టి నాలుగడుగులు నడచునప్పటికి మణికట్టు నొప్పిపుట్టును. బరువొక్కటియే లెక్క కాదు, పట్టు కూడ లెక్కయే. స్విచ్ 2కు వెనుక తగిలించు గుండ్రని పిడులను ఇతర కంపెనీలవారు వేరుగా అమ్ముచున్నారు. అమ్మకపువారు అతికింపవలసిన ముక్క యేదో రూపకర్త విడిచిన ముక్కయే యని మా అభిప్రాయము. ఐనను రూపకర్తల పక్షమున ఒక మాట చెప్పవలెను. పిడులు లావైనచో యంత్రము సంచిలో పట్టదు, పిడులను విడదీసి ఇద్దరు ఆడుకొనుటయు సాధ్యము కాదు.

ఆ విడదీయుట అనునది ఈ వస్తువులోని గొప్ప గుణము. ఇరుప్రక్కల పిడులను ఊడదీసి, అన్న కొకటి, చెల్లెలి కొకటి ఇచ్చి, యంత్రమును బల్లమీద నిలబెట్టినచో ఇద్దరును ఆడుకొనవచ్చును. పాతదానిలో పిడులు పట్టాలవంటి గాడిలో జారెడివి. క్రొత్తదానిలో అయస్కాంతముచే టక్కున అంటుకొనును, వెనుకనున్న మీట నొక్కిన ఊడివచ్చును. ఇది చాలమందికి నచ్చినది. నిలబెట్టుటకు వెనుక పాతదానిలో ఒక మూల సన్నని రెక్కయొక్కటి ఉండెను. అది తేలికగా పడిపోవుననెడి నింద చాలకాలము నిలిచినది. ఇపుడు వెనుకభాగము పొడవునను ఒక కమ్మీవలె వంగు ఆనికను అమర్చిరి. కావలసిన వాలునకు నిలుచును. పాతదానికి విద్యుత్తు నెక్కించు రంధ్రము అడుగున మాత్రమే యుండెను గనుక నిలబెట్టి ఆడుచు చార్జింగు పెట్టుటకు వీలులేకుండెను. ఇపుడు పైన కూడ ఒకటి పెట్టిరి. ఇవి చిన్న మార్పులే. కాని వాడినవారి మాట విన్న చెవులున్నవని ఇట్టి చిన్న మార్పులే తెలుపును. పిడిని పక్కకు పండబెట్టి బల్లమీద కంప్యూటరు మౌసువలె జరుపుట మరియొక వింత. అది విలాసమా అవసరమా అనుటలో ఏకాభిప్రాయము లేదు.

ఇక కంటి సంగతి. తెరలో 1920కి 1080 చుక్కలు; క్షణమునకు 120 మారుల వరకు బొమ్మను మార్చగలదు. అంకెలు ఘనమే. ఐనను 2021లో వచ్చిన స్విచ్ మారురూపములో ఓ.ఎల్.ఇ.డి. అను తెర యుండెను. దానిలో నలుపు నిజముగా నల్లగా నుండును. క్రొత్తదానికి మరల ఎల్.సి.డి. తెరనే వేసిరి. ఓ.ఎల్.ఇ.డి.ని రుచి చూచినవారికి ఇది వెనుకడుగుగా తోచినది. వేగముగా కదలు బొమ్మలు కొంచెము అలికినట్లున్నవని పరీక్షించినవారు వ్రాసిరి. మొదటి స్విచ్ తెరనుండి నేరుగా దీనికి వచ్చినవారు మాత్రము కన్నుల పండువుగా నున్నదనిరి. ఎక్కడనుండి వచ్చితిమి అనుదానినిబట్టి కన్ను తీర్పు చెప్పును. మా వయస్సువారికి ఇంకొక సంగతి ముఖ్యము. పెద్ద టెలివిజనునకు వ్రాసిన అక్షరములు చేతి తెరమీద చీమలవలె కనిపించుచుండెను. తెర పెద్దదగుట ఆ బాధను కొంత తగ్గించును.

మూడవది బ్యాటరీ. ఆటనుబట్టి రెండు గంటలనుండి ఆరున్నర గంటల వరకు నడచునని కంపెనీవారే చెప్పుదురు. మొదటి స్విచ్‌ను 2019లో సవరించినప్పుడు నాలుగున్నరనుండి తొమ్మిది గంటలు నడిచెడిది. అనగా శక్తి పెరిగినకొలది కాలము తరిగినది. గేమ్ బాయ్ పదునైదు గంటలను తలచుకొని నిట్టూర్చిన వృద్ధులు మావంటివారే కాదు, నడివయస్సు వారును చాలమంది. మా యింటిలో దీనికి వేరొక అభిప్రాయము కూడ వినబడినది. "రెండు గంటలకు ఆగిపోతే మంచిదే కదండీ, అప్పుడైనా వాడు అన్నానికి వస్తాడు" అని మా ఇల్లాలు అనెను. రూపకల్పనపై ఇంత సూటియైన విమర్శ మేము చదివిన వ్యాసములలో వేరెచ్చటను కనబడలేదు.

ఇంతవరకు చెప్పినవి ఇష్టానిష్టములు. ఒకరికి నచ్చినది వేరొకరికి నచ్చకపోవచ్చును. ఇకముందు చెప్పబోవు రెండు విషయములు అట్టివి కావు. వస్తువు ఎంతకాలము మనదిగా నుండును అనునదే వానిలోని ప్రశ్న.

పాత స్విచ్ పిడులలో జాయ్‌స్టిక్ అను చిన్న కడ్డీ మీట యున్నది. కొంతకాలము వాడిన పిమ్మట ఎవరును ముట్టకున్నను ఆటలోని బొమ్మ తనంత తానే ప్రక్కకు జరుగు రోగము కొన్నింటికి పట్టుకొనినది. రేడియోగల గృహస్థులకు దీనిని వివరించుట సులభము. పాత రేడియోలో ధ్వనిమీటను త్రిప్పినప్పుడు గరగరమను చప్పుడు వచ్చుట మీరు వినియుందురు. మీట లోపల ఒక లోహపు నాలుక నల్లని పూతమీద రాచుకొనుచు తిరుగును. పూత అరిగినను, దుమ్ము చేరినను ఆ గరగర పుట్టును. ఈ కడ్డీ మీటలోను అదే ఏర్పాటు. అచ్చట గరగర వినబడదు, బొమ్మ దారితప్పును. ఈ యిబ్బందికి కంపెనీ అధ్యక్షుడు 2020లో క్షమాపణ చెప్పెను. ఐరోపాలో వినియోగదారుల సంఘములు ఫిర్యాదు చేసిన పిమ్మట, గడువు దాటినను అక్కడివారికి ఉచితముగా బాగుచేసియిచ్చుటకు 2023లో కంపెనీవారు అంగీకరించిరి.

దీనికి మందు లేకపోలేదు. 1879లో ఎడ్విన్ హాల్ అను శాస్త్రజ్ఞుడు కనుగొన్న ధర్మము ననుసరించి, అయస్కాంతము ఎంత జరిగినదో తాకకయే కొలుచు పరికరములు కలవు. రాపిడి లేదు గనుక అరుగుదలయు లేదు. సేగావారు 1998లోనే తమ డ్రీమ్‌కాస్ట్ పిడిలో దీనిని వాడిరి. ఆరిన కలప అనగా ఇదియే గదా! ఐనను స్విచ్ 2లో హాల్ పద్ధతి లేదని కంపెనీవారే చెప్పిరి. మీటను మొదటినుండి మరల రూపొందించితిమని వారి మాట. అది నిజముగా బలపడినదో లేదో మాటలు తేల్చవు, సంవత్సరములు తేల్చవలెను. కాని విప్పి చూచిన ఐఫిక్సిట్ సంస్థవారు లోపల బ్యాటరీ బంకతో గట్టిగా అతికింపబడియున్నదని వ్రాసి, మరమ్మతు సౌలభ్యమునకు పదింటికి మూడు మార్కులే యిచ్చిరి. స్టీమ్ డెక్‌కు మాత్రము విడిభాగములను వాల్వ్‌వారి ఒప్పందముతో అదే ఐఫిక్సిట్ అమ్ముచున్నది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన శాసనము ప్రకారము 2027 ఫిబ్రవరి 18నుండి అచ్చట అమ్ము ఇట్టి పరికరముల బ్యాటరీలను కొన్నవారే తీసి మార్చుకొను వీలుండవలెను. చట్టము బెత్తము పట్టిన తరువాత రూపకర్తలు బంకకు బదులు మరచీలలను జ్ఞాపకము చేసికొందురేమో!

మన దేశమునకు ఈ విషయము మఱింత ముఖ్యము. మనలో పలువురు దీనిని దిగుమతి దుకాణములలో గాని, విదేశములనుండి వచ్చు బంధువులచేత గాని తెప్పించుకొనుచున్నారు. కొన్నచోటు ఒకటి, చెడినచోటు వేరొకటి. బాగుచేయువా రెచ్చట నున్నారో కొనకమునుపే విచారించుట మేలు. జపానులో చౌకగా దొరకునని తెప్పించువారు ఒక సంగతి గమనింపవలెను. అచ్చట విడుదలనాడు 49,980 యెన్లకు అమ్మినది జపాను భాషలో మాత్రమే నడుచునట్టి యంత్రము. అమెరికాలో విడుదలనాటి వెల 450 డాలర్లు. అప్పటి మారకము లెక్కను సుంకములు గాక 38 వేల రూపాయలు దాటును. ఆటల వెల వేరు.

రెండవ విషయము ఆటల ముక్కలు. పాతకాలమున ఆట అనగా ఒక చిన్న పెట్టె. దానిని యంత్రములో దూర్చినచో ఆట వచ్చును. ఆడి విసిగినపిమ్మట ఎదురింటి పిల్లవానికి ఇచ్చి, వాని ఆటను తెచ్చుకొనవచ్చును. స్విచ్ 2కు అట్టి ముక్కలు ఇప్పటికిని కలవు. పాత స్విచ్ ఆటలు చాలవరకు దీనిలో నడచును. ఇది మెచ్చుకొనదగినది. కాని గేమ్ కీ కార్డు అను క్రొత్త రకము కూడ వచ్చినది. ఈ కార్డులో ఆట లేదు, తాళపుచెవి మాత్రమే యున్నది. ఆటను ఇంటర్‌నెట్టు ద్వారా దించుకొనవలెను, ఆడునప్పుడెల్ల కార్డును యంత్రములో నుంచవలెను. ఇచ్చిపుచ్చుకొనుట, తిరిగి అమ్ముకొనుట సాధ్యమే గనుక కేవలము ఇంటర్‌నెట్టులో కొనుటకంటె ఇది నయమని కొందరందురు. ఆట నిలువయున్న చోటు ఏనాడైన మూతపడినచో ఈ తాళపుచెవితో ఏ తలుపు తెరుతుమని వేరొకరు అడుగుదురు. కార్డులో పూర్తిగా ఆటనుంచినచో ఖర్చెక్కువ యని తయారుచేయువారి సమాధానము. మేము ఈ విషయమున అడుగువారి పక్షము. అటకమీదనుండి దించిన నాయనమ్మ గ్రామఫోను రికార్డు నేటికిని పాడుచున్నది. మా మనుమడు కొన్న ఆట వాని మనుమనికి దొరకవలదా?

ఇన్ని లోపములున్నను విడుదలైన నాలుగు దినములలో 35 లక్షలకు పైగా యంత్రములు అమ్ముడుపోయినవి. దీనినిబట్టి లోపములు ముఖ్యములు కావని కొందరు తేల్చుదురు. అమ్ముడుపోవుట ఒక తీర్పే. కాని అది కొన్ననాటి తీర్పు. చేతిలోని వస్తువునకు అసలైన తీర్పు మూడవ సంవత్సరమున వచ్చును. అప్పటికి మీట నిలిచినదా, బ్యాటరీ నిలిచినదా, పిల్లవాడు దానిని ఇంకను ప్రేమతో తీయుచున్నాడా అనునది ఆ తీర్పు.

మా అభిప్రాయమును సంగ్రహముగా చెప్పవలెనన్న, ఈ యంత్రము పంచుకొనుటకు చక్కగా కుదిరినది, నిలబెట్టి ఆడుటకు మేలుగా కుదిరినది, చేత పట్టుటకు ఒక మాదిరిగా కుదిరినది, బాగుచేసికొనుటకు మాత్రము కుదరలేదు. రూపకర్తలు శక్తికి పెట్టిన శ్రద్ధలో సగము మరచీలకు పెట్టియుండిన బాగుండెడిది. ఇట్టి వస్తువు కొనదలచిన గృహస్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా మనవి. ఆడబోవు చేతులు దీనిని పావుగంట పట్టి చూచినవా? చెడినచో బాగుచేయువారెవరు? కొన్న ఆట మనదా, అద్దెదా?

మా యింటి సంగతి ఇంకను తేలలేదు. హైదరాబాదులో మా మేనల్లుని యింట ఈ యంత్రమొకటి కలదు. దసరాకు అచ్చటికి పోయి, మనుమడు చేతపట్టి ఆడిచూచిన పిమ్మట తీర్పు చెప్పుటకు ఒడంబడిక చేసికొంటిమి. ఈలోపున వాడు మా అట్టముక్కను తీసికొనిపోయి కత్తెర పట్టెను. అరచేతులు ఆనుచోట అంచులను గుండ్రముగా కోసి, వెనుక రెండు ప్రక్కల పాతగుడ్డను చుట్టి లావుచేసి, దారముతో గట్టిగా కట్టెను. మరల కందిపప్పు పొట్లమును తగిలించి మా చేతి కిచ్చి, "ఇప్పుడు పట్టుకుని చూడండి తాతయ్యా" అనెను.

పట్టుకొని చూచితిమి. బరువు తగ్గలేదు గాని చేతికి అమరినది.